రిటైర్డ్ టీచర్ స్కూల్ బోర్డుకు పోటీ చేస్తే

కాలిఫోర్నియాలో స్కూల్ బోర్డుకు (స్థానిక ప్రభుత్వ బడులను నడిపే పాలక మండలికి) పోటీ చేసే అభ్యర్థి తన వృత్తి ఏమిటో బ్యాలెట్ మీద పేరు కింద వేయించుకోవచ్చు. సాధారణంగా మూడు మాటలకు మించకూడదు. అందులోనూ పట్టింపులు చాలా ఉన్నాయి. 'రిటైర్డ్ టీచర్' అంటే చెల్లుతుంది. అవే మాటల్ని తిరగేసి 'టీచర్, రిటైర్డ్' అంటే చెల్లదు. రిటైర్డ్ అన్న మాటను పొట్టిగా రాయడానికి వీల్లేదు. 'మాజీ టీచర్' అసలే కుదరదు. రెండు మాటల గురించి చట్టంలో ఇంత రాశారంటే, వాటికి ఓట్లు రాలతాయని అందరికీ తెలుసు కాబట్టే.

అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో స్కూల్ బోర్డు ఎన్నికల బ్యాలెట్‌లో పార్టీ పేర్లు ఉండవు. అధ్యక్షుడు, సెనేటర్, జడ్జి, నీటి బోర్డు అంటూ సాగే పొడవాటి జాబితాలో స్కూల్ బోర్డు ఎక్కడో కింద వస్తుంది. అక్కడికి వచ్చేసరికి ఓటరుకు ఓపికా ఉండదు, తెలిసిన పేరూ ఉండదు. రియల్టర్, అకౌంటెంట్, వ్యాపారి, రిటైర్డ్ టీచర్ అని నలుగురు కనిపిస్తే చాలామంది చెయ్యి నాలుగో పేరు మీదికే పోతుంది. బడుల సంగతి టీచరుకు తెలియక ఇంకెవరికి తెలుస్తుందన్నది వాళ్ల లెక్క. ఈ లెక్క సగమే నిజం. టీచరుకు క్షుణ్ణంగా తెలిసింది క్లాస్‌రూమ్. బోర్డు చేసే పని క్లాస్‌రూమ్‌లో జరగదు. పైగా ఆమె నిన్నటిదాకా ఆ సంస్థలో జీతం తీసుకున్న మనిషి, ఇవాళ అదే సంస్థకు యజమాని వరసలో కూర్చోబోతున్నారు. (అమెరికా టీచర్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది మహిళలే కాబట్టి ఈ వ్యాసంలో అభ్యర్థిని 'ఆమె' అనుకుందాం.)

పదవి ఎలాంటిది

తెలుగు రాష్ట్రాల్లో దీనికి సరిగ్గా సరిపోయే పదవి లేదు. విద్యా హక్కు చట్టం కింద ఏర్పడే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఒక్క బడికే పరిమితం. పన్ను వేసే అధికారం గానీ, టీచర్ల జీతం ఇంత అని తేల్చే అధికారం గానీ దానికి లేదు. శాసన మండలిలో టీచర్ల నియోజకవర్గాలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో 58 సీట్లలో 5, తెలంగాణలో 40లో 3. కానీ అక్కడ ఓటర్లు కూడా టీచర్లే. టీచర్ ఎమ్మెల్సీ టీచర్ల తరఫున ప్రభుత్వాన్ని నిలదీస్తారు. అమెరికా స్కూల్ బోర్డు సభ్యురాలు అటువైపు, అంటే జవాబు చెప్పాల్సిన కుర్చీలో కూర్చుంటారు. ఆమెకు ఓటు వేసేది ఊళ్లోని వాళ్లంతా, బడికెళ్లే పిల్లలు లేనివాళ్లతో సహా. ఈ తేడా గుర్తుంచుకోకపోతే మిగతాదంతా తప్పుగా అర్థమవుతుంది.

అమెరికా రాజ్యాంగంలో చదువు అన్న ప్రస్తావనే లేదు. అది రాష్ట్రాల బాధ్యత, రాష్ట్రాలు దాన్ని చాలావరకు స్థానికులకు వదిలేశాయి. మూలాలు మసాచుసెట్స్‌లో ఉన్నాయి. యాభై కుటుంబాలున్న ప్రతి ఊరూ చదువు చెప్పే మనిషిని పెట్టుకోవాలని అక్కడ 1647లోనే చట్టం చేశారు. 1826కల్లా ప్రతి ఊరికీ విడిగా ఒక స్కూల్ కమిటీ ఉండాలన్నారు. ఆ పద్ధతే దేశమంతా పాకింది. 1939-40 నాటికి దేశంలో 1,17,000కు పైగా స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ఒక్కో బోర్డు కింద బడులు నడిచే ప్రాంతాలు, ఉండేవి. చిన్నవాటిని కలుపుకుంటూ పోగా ఇప్పుడు సుమారు 13,000 మిగిలాయి. ఒక్కోదానికి ఐదుగురో, ఏడుగురో, తొమ్మిదిమందో సభ్యులున్న బోర్డు. దాదాపు అన్నీ ఎన్నికైనవే. మినహాయింపులు లేకపోలేదు. హవాయి రాష్ట్రమంతా ఒకటే డిస్ట్రిక్ట్, బోర్డును గవర్నర్ నియమిస్తారు. వర్జీనియాలో 1992 దాకా ఎన్నికల పద్ధతే లేదు. షికాగోలో 1995 నుంచి బోర్డును మేయరే నియమిస్తూ వచ్చారు, 2024 నవంబరులో గానీ ఓటర్ల చేతికి కొన్ని సీట్లు రాలేదు.

బోర్డు చేతిలో ఉండేవి ప్రధానంగా కొన్ని పనులు. సూపరింటెండెంట్‌ను, అంటే డిస్ట్రిక్ట్ బడులన్నిటినీ నడిపే ప్రధాన అధికారిని, పెట్టుకోవడం, తీసెయ్యడం. ఏడాది బడ్జెట్ ఆమోదించడం. టీచర్ల యూనియన్‌తో కుదిరిన జీతాల ఒప్పందం మీద ఓటెయ్యడం. పాఠ్య పుస్తకాలు, సెలవులు, క్రమశిక్షణ నిబంధనలు ఖరారు చేయడం. ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో సరిహద్దులు గీయడం, అవసరమైతే బడి మూసెయ్యడం. చదవడానికి చాలా పెద్ద అధికారాలే. అయితే ఇవన్నీ బోర్డువి, సభ్యురాలివి కావు. ఏడుగురూ కలిసి ఓటేస్తే నిర్ణయం, ఒక్కరు చెబితే అభిప్రాయం. స్కూలుకెళ్లి ప్రిన్సిపాల్‌ను 'ఇది మార్చండి' అనడానికి ఏ ఒక్క సభ్యురాలికీ హక్కు లేదు.

టీచర్ రిటైరయ్యాకే ఎందుకు

పదవిలో ఉన్న టీచర్ తను పనిచేసే డిస్ట్రిక్ట్ బోర్డులో కూర్చోవడాన్ని చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు. కాలిఫోర్నియా విద్యా చట్టం ప్రకారం డిస్ట్రిక్ట్ ఉద్యోగి బోర్డుకు గెలిస్తే రాజీనామా చేశాకే ప్రమాణం చేయాలి. న్యూయార్క్‌లోనూ డిస్ట్రిక్ట్ ఉద్యోగి బోర్డు సభ్యురాలు కాలేరు. తన జీతం మీద తనే ఓటేసుకోవడం కుదరదు కదా. పక్క డిస్ట్రిక్ట్‌లో పనిచేస్తూ తన ఊరి బోర్డుకు పోటీ చేసేవాళ్లు ఉన్నారు గానీ, సొంత డిస్ట్రిక్ట్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన వాళ్లకు రిటైర్మెంట్ తర్వాతే దారి తెరుచుకుంటుంది. ఇక్కడ చాలామంది మరిచిపోయే చిక్కు ఒకటుంది. రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడూ సబ్‌స్టిట్యూట్ టీచరుగా వెళ్లడం అక్కడ మామూలే. రోజు కూలీ పనైనా అదీ ఉద్యోగమే. బోర్డులోకి రావాలంటే సాధారణంగా దాన్నీ వదులుకోవాలి.

రెండో కారణం నోరు. ఉద్యోగంలో ఉన్న టీచర్ బోర్డును బహిరంగంగా విమర్శిస్తే ఏమవుతుందో తేల్చిన కేసు ఇల్లినాయ్ రాష్ట్రంలోది. మార్విన్ పికరింగ్ అనే హైస్కూల్ టీచర్, బోర్డు డబ్బు సేకరించిన తీరునూ, చదువుకన్నా ఆటలకు ఎక్కువ ఖర్చు పెట్టడాన్నీ తప్పుపడుతూ స్థానిక పత్రికకు ఉత్తరం రాశాడు. బోర్డు అతన్ని ఉద్యోగం నుంచి తీసేసింది. కింది కోర్టులు బోర్డు పక్షానే నిలిచాయి. 1968లో సుప్రీంకోర్టు మాత్రం, ప్రజలకు సంబంధించిన విషయం మీద టీచర్ కూడా పౌరుడిలాగే మాట్లాడవచ్చని తీర్పిచ్చింది. తీర్పు వచ్చింది సరే, దానికోసం ఉద్యోగం పోగొట్టుకుని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సొచ్చింది. 2006లో ఇంకో తీర్పు వచ్చింది. ఉద్యోగ విధుల్లో భాగంగా మాట్లాడిన మాటకు ఆ రక్షణ లేదని తేల్చింది. మీటింగుల్లో నోరు నొక్కుకుని కూర్చున్న టీచర్లు రిటైరైన మర్నాడు మైకు ముందుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

మూడోది అన్నిటికన్నా మామూలు విషయం, తీరిక. టెక్సస్‌లో, ఇల్లినాయ్‌లో స్కూల్ బోర్డు సభ్యులకు జీతం లేదు. చాలా చోట్ల ఇస్తే గిస్తే చిన్న మొత్తం. ఫ్లోరిడాలో ఓ మోస్తరు జీతముంది. లాస్ ఏంజెలెస్‌లో వేరే ఉద్యోగం లేని సభ్యులకు 2017లో ఏడాదికి 1,25,000 డాలర్లు చేశారు, అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటే మీటింగులు, వందల పేజీల కాగితాలు, కిరాణా కొట్లో ఆపి మరీ కొడుకు బస్సు గురించి అడిగే తల్లిదండ్రులు. ఇవన్నీ ఉచితంగా చేయగలిగేది ఎవరు? పిల్లలు చిన్నవాళ్లై, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లోంచి వచ్చే అభ్యర్థులు తక్కువ. ఆ చిన్న పిల్లల బడులనే ఈ బోర్డు నడుపుతుందన్నది వేరే సంగతి. పెన్షన్ వస్తూ, పగలు ఖాళీగా ఉండి, ఊళ్లో సగం మందికి పాఠాలు చెప్పిన మనిషికి ఇది చేతికందే పదవి. అందుకే రిటైర్డ్ టీచర్ల పోటీని అనుభవం కోణంలోంచే చూస్తే సరిపోదు. జీతం లేని పదవి ఎలాంటి వాళ్లను లోపలికి రానిస్తుందో కూడా చూడాలి.

ఓట్లు ఎక్కడి నుంచి వస్తాయి

పోటీ చేయడం కష్టమేమీ కాదు. ఇల్లినాయ్‌లో సాధారణంగా 50 మంది ఓటర్ల సంతకాలు చాలు. టెక్సస్‌లో విరాళం తీసుకోకముందే ప్రచార కోశాధికారి పేరు దాఖలు చేయాలి, ఆ పేరు తనదే ఇచ్చుకోవచ్చు. పోటీ లేకపోతే అక్కడ ఎన్నికే రద్దు చేసి గెలిచినట్టు ప్రకటించొచ్చు. చాలా చిన్న డిస్ట్రిక్టుల్లో జరిగేదీ అదే, సీటుకు ఒక్కరే దొరుకుతారు.

పోటీ ఉన్నచోట అసలు విషయం తేదీ. న్యూయార్క్‌లో చాలా డిస్ట్రిక్టుల ఎన్నిక మే నెల మూడో మంగళవారం. విస్కాన్సిన్‌లో ఏప్రిల్. ఇల్లినాయ్‌లో బేసి సంవత్సరాల ఏప్రిల్. పెన్సిల్వేనియాలో బేసి సంవత్సరాల నవంబరు. అధ్యక్ష ఎన్నికలతో సంబంధం లేని ఈ తేదీల్లో ఓటు వేసేవాళ్లు చాలా చోట్ల పదో వంతు కూడా ఉండరు. ఇరవై వేల మంది ఓటర్లున్న ఊళ్లో పద్నాలుగు వందల ఓట్లు పడితే, ఏడు వందల ఒక ఓటు తెచ్చుకున్నవాళ్లు గెలిచినట్టే. ముప్పై ఏళ్లు ఏడాదికి పాతిక మందికి పాఠం చెప్పిన టీచర్ విషయంలో లెక్క వేసి చూడండి. పాత విద్యార్థులే ఏడు వందల యాభై మంది, వాళ్ల తల్లిదండ్రులు, తోటి టీచర్లు. ఊరు వదిలి వెళ్లినవాళ్లను తీసేసినా, ఇంటింటికీ తిరగకుండానే ఆమె చేతిలో ఒక ఓటర్ల జాబితా ఉన్నట్టు.

ఓటు వేయడానికి వచ్చే ఆ కొద్దిమందిలో టీచర్లు ఎక్కువగా ఉండటం కూడా ఆమెకు కలిసొస్తుంది. రాజనీతి శాస్త్రవేత్త టెర్రీ మో కాలిఫోర్నియా ఎన్నికలు పరిశీలించి, పనిచేసే డిస్ట్రిక్ట్‌లోనే నివసించే టీచర్లు మిగతా ఓటర్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఓటు వేస్తారని చూపించాడు. అదే టీచర్లు వేరే డిస్ట్రిక్ట్‌లో నివసిస్తుంటే ఆ పట్టుదల అంత కనబడదు. అంటే పౌర బాధ్యత ఒక్కటే వాళ్లను కదిలించడం లేదు, తమ యజమానిని తామే ఎన్నుకునే అవకాశం కదిలిస్తోంది. యూనియన్ మద్దతు ఎవరికి ఇస్తుందో చెప్పనక్కర్లేదు. ఎన్నికలను నవంబరు సాధారణ ఎన్నికలతో కలిపితే ఈ బలం పలచబడుతుంది. 2012 నుంచి న్యూజెర్సీ డిస్ట్రిక్టుల్లో ఎక్కువ భాగం ఏప్రిల్ వదిలి నవంబరుకు మారాయి. కాలిఫోర్నియా కూడా 2015లో చట్టం చేసి ఓటింగ్ మరీ తక్కువగా ఉండే విడి ఎన్నికలను ఆపించింది. కానీ నవంబరులో ఓటర్లు పెరిగే కొద్దీ అభ్యర్థి గురించి ఏమీ తెలియని ఓటర్లూ పెరుగుతారు. పాత విద్యార్థుల బలం తగ్గుతుంది, పేరు కింద అచ్చయిన ఆ రెండు మాటల బలం పెరుగుతుంది.

డబ్బు సంగతి ఎక్కువ చోట్ల పెద్దదేం కాదు. పెరట్లో పాతే బోర్డులు, కొన్ని కరపత్రాలు, ఒక ఫేస్‌బుక్ పేజీ. లాస్ ఏంజెలెస్ కథ వేరు. 2017లో అక్కడ బోర్డు అధ్యక్షుడు స్టీవ్ జిమ్మర్ మీద నిక్ మెల్వోయిన్ పోటీ చేసి గెలిచాడు. ఇద్దరూ ఒకప్పుడు టీచర్లే. ఒకవైపు యూనియన్, మరోవైపు చార్టర్ స్కూళ్ల (ప్రభుత్వ డబ్బుతో, విడి యాజమాన్యం కింద నడిచే బడుల) మద్దతుదారులు కోటి డాలర్లకు పైగా గుమ్మరించారు. టీచర్‌గా పనిచేశానని చెప్పుకోవడం ఆ ఎన్నికలో ఎవరికీ ప్రత్యేకత కాలేదు. ఏ రకం టీచర్ అన్నదే అక్కడ ప్రశ్న.

గెలిచాక

మొదటి మీటింగులోనే కొత్త సభ్యురాలికి తెలిసొచ్చేది, ఇక్కడ మాట్లాడటం తక్కువ, చదవడం ఎక్కువ అని. ఎజెండాలో ముప్పై నలభై అంశాలు ఒకే గుత్తిగా కట్టి 'కన్సెంట్ ఎజెండా' పేరుతో ఒక్క ఓటుతో ఆమోదించేస్తారు. బస్సుల డీజిల్ కాంట్రాక్టు, నియామకాలు, బిల్లుల చెల్లింపు, అన్నీ అందులోనే. ఎవరైనా ఒక అంశాన్ని విడదీయమంటేనే దాని మీద చర్చ. ఏది విడదీయాలో తెలియాలంటే ముందు మొత్తం చదివుండాలి. టీచర్‌కు ఇక్కడ నిజమైన మేలు ఒకటుంది. చదువుకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ కొనుగోలు ప్రతిపాదన వస్తే, అకౌంటెంట్ ధర చూస్తాడు, టీచర్ 'కిందటిసారి కొన్నది ఎంతమంది వాడుతున్నారు?' అని అడుగుతుంది. అలాంటి ప్రశ్న బోర్డు బల్ల దగ్గర మరెవరికీ తట్టదు. ట్యాబ్లెట్లు పెట్టెల్లోంచి బయటికి రాకుండా పడి ఉండటం స్వయంగా చూసినవాళ్లకే తడుతుంది.

ఇబ్బంది ఎక్కడంటే, టీచర్‌కు సమస్య కనబడగానే చక్కదిద్దే అలవాటు. పాత సహోద్యోగి ఫోన్ చేసి కొత్త ప్రిన్సిపాల్ వేధిస్తున్నాడని చెబుతుంది. స్నేహితురాలిగా వినొచ్చు. బోర్డు సభ్యురాలిగా వినడం ప్రమాదం. ఆ ప్రిన్సిపాల్ మీద చర్య రేపు బోర్డు ముందుకే వస్తే ఆమె తీర్పరి స్థానంలో ఉంటుంది, ముందే ఒకవైపు మాట విన్న తీర్పరి. అందుకే 'సూపరింటెండెంట్‌కు చెప్పండి' అని ఫోన్ పెట్టెయ్యాలి. ముప్పై ఏళ్ల స్నేహంలో ఈ జవాబు చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. బోర్డుల్లో గొడవలు పడి బయటికొచ్చే రిటైర్డ్ టీచర్లు ఎక్కువగా తట్టుకునేది ఈ రాయికే.

బహిరంగ సమావేశాల చట్టాలు మరో కొత్త ప్రపంచం. స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ నలుగురూ అనుకుని నిర్ణయానికి రావడం టీచర్లకు అలవాటు. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం బోర్డులో మెజారిటీ సభ్యులు బోర్డు విషయాల మీద చాటుగా మాట్లాడుకోకూడదు. ఒకేచోట కలవనక్కర్లేదు, ఒకరి తర్వాత ఒకరికి ఫోన్ చేసినా, ఈమెయిల్‌కు అందరికీ జవాబిచ్చినా అది సమావేశం కిందికే వస్తుంది. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలున్నాయి. రహస్య చర్చ ఉద్యోగుల వ్యవహారాలు, కోర్టు కేసులు, యూనియన్‌తో బేరాలు లాంటి కొన్నిటికే. మిగతాదంతా కెమెరా ముందు, జనం ముందు.

ఇక జీతాల ఒప్పందం. డిస్ట్రిక్ట్ నిర్వహణ ఖర్చులో దాదాపు 80 శాతం జీతాలు, ఉద్యోగుల ఇతర సౌకర్యాలకే పోతుంది. అంటే బడ్జెట్ మీద ఓటు అంటే ప్రధానంగా తన పాత సహోద్యోగుల జీతాల మీద ఓటే. ఆమె పెన్షన్ సాధారణంగా రాష్ట్ర స్థాయి నిధి నుంచి వస్తుంది, బోర్డు దాన్ని పెంచలేదు, తగ్గించలేదు. రిటైరైన వాళ్ల ఆరోగ్య బీమాకు డిస్ట్రిక్టే డబ్బు కట్టే చోట్ల మాత్రం స్వప్రయోజనం ప్రశ్న నేరుగా వస్తుంది. పిల్లలో, భర్తో అదే డిస్ట్రిక్ట్‌లో పనిచేస్తుంటే మరీనూ. అలాంటప్పుడు చర్చలోంచి తప్పుకుని కూర్చోవాల్సి రావచ్చు. ఐదుగురి బోర్డులో ముఖ్యమైన ఓటుకల్లా ఒకరు తప్పుకుంటే, ఆమెను గెలిపించిన వాళ్లకు దక్కేదేమిటో ఆలోచించుకోవాలి.

అసలు టీచర్ నేపథ్యమున్నవాళ్లు బోర్డులోకి వస్తే ఏం మారుతుంది? దీన్ని కొలవడం అంత సులువు కాదు. టీచర్లను గెలిపించే ఊళ్లు మొదటి నుంచే వేరేగా ఉండొచ్చు కాబట్టి. యింగ్ షి, జాన్ సింగిల్టన్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికో తెలివైన దారి కనిపెట్టారు. కాలిఫోర్నియాలో బ్యాలెట్ మీద పేర్ల వరుస అక్షర క్రమంలో ఉండదు, ప్రతి ఎన్నికకూ అక్షరాలను లాటరీ తీసి కొత్త వరుస ఖరారు చేస్తారు. మొదటి పేరుకు కాసిని ఓట్లు ఎక్కువ పడటం తెలిసిందే. ఆ లాటరీ అదృష్టం వల్ల విద్యారంగం మనిషి గెలిచిన చోట్లనూ, గెలవని చోట్లనూ పోల్చి చూశారు. అలాంటి సభ్యులు వచ్చినచోట టీచర్ల జీతాలు పెరిగాయి, చార్టర్ స్కూళ్ల విస్తరణ తగ్గింది. పిల్లల పరీక్ష ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బేరం బల్ల దగ్గర తక్కెడ యూనియన్ వైపు మొగ్గిందన్నది వాళ్లు చెప్పుకున్న అర్థం.

ఈ ఫలితాన్ని పట్టుకుని టీచర్లు బోర్డులోకి రాకూడదని వాదించేవాళ్లున్నారు. అది తొందరపాటు. టీచర్లు దొరకని చోట జీతం పెంచడమే సరైన విధానం కావచ్చు. దాని ఫలితం నాలుగేళ్ల పదవీకాలంలో మార్కుల్లో కనబడకపోవచ్చు కూడా. కానీ 'టీచర్ వస్తే పిల్లల చదువు బాగుపడుతుంది' అన్న ఎన్నికల నినాదానికి మాత్రం ఇందులో ఆధారం దొరకదు. యూనియన్ ఒప్పందాలే లేని రాష్ట్రాల్లో కథ ఇంకోలా ఉంటుంది. టెక్సస్, నార్త్ కరొలైనాల్లో టీచర్ల యూనియన్లు డిస్ట్రిక్ట్‌తో ఉమ్మడి బేరసారాలు చేయడాన్ని చట్టమే నిషేధించింది. అక్కడ బోర్డులో ఒక రిటైర్డ్ టీచర్ ఉండటమే టీచర్ల మాట వినబడటానికి మిగిలిన కొద్ది దారుల్లో ఒకటి. ఒకే నేపథ్యం కాలిఫోర్నియాలో తక్కెడను ఇంకాస్త వంచుతుంది, టెక్సస్‌లో కొంచెం సరిచేస్తుంది. అభ్యర్థి నేపథ్యం మంచిదా చెడ్డదా అనే ముందు ఆ రాష్ట్రం చట్టం ఏమిటో చూడాలి.

పన్ను కట్టేది ఎవరు

బడుల డబ్బులో కేంద్ర ప్రభుత్వం వాటా స్థూలంగా పదో వంతు. మిగతాది రాష్ట్రం, స్థానికులు దాదాపు చెరి సగం. స్థానిక వాటాలో సింహభాగం ఇంటి పన్నే. న్యూయార్క్‌లో పెద్ద నగరాలు మినహా చాలా డిస్ట్రిక్టుల్లో బడ్జెట్‌కే ప్రజలు ఏటా ఓటెయ్యాలి. పన్ను వసూలు పెంపు పరిమితి 2 శాతం లేదా ద్రవ్యోల్బణం, ఏది తక్కువైతే అది. కొన్ని సర్దుబాట్లతో లెక్కకట్టే ఆ గీత దాటాలంటే 60 శాతం ఓట్లు కావాలి. రెండుసార్లు ఓడిపోతే పన్ను రాబడి పైసా పెంచకుండా ఏడాది గడపాలి. స్కూల్ పన్ను మీద ఎక్కువ మండిపడేది పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన వృద్ధులే. ఓటు వేయడానికి తప్పకుండా వచ్చేదీ వాళ్లే. రిటైర్డ్ టీచర్ ఆ తరం మనిషి, అదే స్థిరమైన ఆదాయం మీద బతికే మనిషి. యువ తల్లి చెబితే వినని మాట ఆమె చెబితే వింటారు. సీనియర్ సెంటర్లో కాఫీ తాగుతూ 'మనమూ పన్ను కట్టక తప్పదు' అనగలదు.

టెక్సస్‌లో 65 దాటినవాళ్లు నివసించే ఇంటి మీద స్కూల్ పన్ను మొత్తం అక్కడికి గడ్డకట్టిపోతుంది, రేటు పెరిగినా వాళ్లకు సాధారణంగా పెరగదు. కాబట్టి అక్కడ అరవై ఏడేళ్ల సభ్యురాలు పన్ను రేటు పెంపుకు చెయ్యెత్తితే, ఆ భారం ఆమెది కాదు, పక్కింటి ముప్పై అయిదేళ్ల జంటది. ఇలా అడిగితే మొహం చిట్లించే అభ్యర్థులున్నారు గానీ, అడగదగ్గ ప్రశ్నే.

ఇప్పటి గొడవలు

2020 తర్వాత ఈ నిశ్శబ్దపు పదవి వార్తల్లోకెక్కింది. కోవిడ్‌లో బడులు మూసి ఉంచడం, మాస్కులు, తర్వాత లైబ్రరీ పుస్తకాలు, జాతి గురించిన పాఠాలు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల నిబంధనలు. 2022 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు ముగ్గురు బోర్డు సభ్యులను పదవీకాలం ముగియకుండానే దించేశారు. బడులు తెరవకుండా వాటి పేర్లు మార్చే పనిలో పడ్డారన్నది జనం కోపం. 2021 జనవరిలో ఫ్లోరిడాలో మొదలైన మామ్స్ ఫర్ లిబర్టీ అనే సంప్రదాయవాద తల్లిదండ్రుల సంఘం రెండేళ్లలో ఎన్నో బోర్డుల్లో సభ్యులను గెలిపించింది. 2023 నవంబరుకు గాలి కొంత మారింది. పెన్సిల్వేనియాలోని సెంట్రల్ బక్స్ డిస్ట్రిక్ట్‌లో పోటీ జరిగిన ఐదు సీట్లూ డెమొక్రాట్లు గెలిచారు. టెనెసీ 2021లో బోర్డు ఎన్నికలకు పార్టీ పేర్లను అనుమతించింది. ఫ్లోరిడాలో అలాంటి సవరణకు 2024లో సగానికి పైగా ఓట్లు పడినా, కావాల్సిన 60 శాతం రాక వీగిపోయింది.

ఈ వాతావరణంలో రిటైర్డ్ టీచర్‌కు ఒక కొత్త పాత్ర దొరికింది, గొడవలు చల్లార్చే పెద్దమనిషి పాత్ర. 'రాజకీయాలు వద్దు, పిల్లల మీద దృష్టి పెడదాం' అన్నది ఆమె కరపత్రం మీది వాక్యం. వినడానికి బాగుంటుంది. అయితే లైబ్రరీ నుంచి ఫలానా పుస్తకం తీసెయ్యాలా వద్దా అన్న ఓటు వచ్చిన రాత్రి మధ్యేమార్గం ఉండదు, అవును లేదా కాదు. ఎన్నికల ముందు ఈ ప్రశ్నకు జవాబు దాటవేసిన అభ్యర్థి రెండు వర్గాలకూ దూరమవుతుంది.

నిజానికి రాబోయే ఏళ్లలో ఎక్కువ బోర్డులను సతాయించేది పుస్తకాలు కావు, ఖాళీ బెంచీలు. 2007 తర్వాత అమెరికాలో జననాలు తగ్గుతూ వచ్చాయి, ఇప్పుడు ఆ తగ్గుదల క్లాసుల్లో కనబడుతోంది. కోవిడ్ కాలంలో కేంద్రం బడులకు ఇచ్చిన సుమారు 190 బిలియన్ డాలర్లకు గడువు 2024 సెప్టెంబరుతో తీరిపోయింది. ఆ డబ్బుతో పెట్టుకున్న ఉద్యోగాలు మిగిలాయి, డబ్బు లేదు. నాలుగు వందల మంది కోసం కట్టిన బడిలో నూట ఎనభై మంది ఉంటే, దాన్ని మూసి పిల్లలను పక్క బడికి పంపాలన్న ప్రతిపాదన ఎప్పుడో ఒకప్పుడు బోర్డు ముందుకొస్తుంది. ఆ బడి ఆమె ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన బడే కావచ్చు. మూస్తే ఆదా ఎంతో, పిల్లల ప్రయాణం ఎంత పెరుగుతుందో అధికారులు స్లయిడ్లు చూపిస్తారు. ఆ కట్టడంలో వాన పడితే ఏ గది కారుతుందో, ఏ పిల్లలు నడిచి వస్తారో అధికారుల కన్నా ఆమెకే బాగా తెలుసు. అయితే ఆ అనుబంధంతోనే ఓటేస్తే, మూయని బడి ఖర్చు మరో బడిలో కౌన్సెలర్ ఉద్యోగం ఊడగొడుతుంది.

కాబట్టి అభ్యర్థుల సభలో రిటైర్డ్ టీచర్‌ను అడగాల్సిన ప్రశ్నలు ఆమె అనుభవం గురించి కావు, అది అందరికీ తెలిసిందే. యూనియన్ మద్దతు తీసుకున్నారా, తీసుకుంటే ఏ ఒప్పందంలో యూనియన్ కోరినదానికి 'వద్దు' అనగలరో ఒక ఉదాహరణ చెప్పగలరా? కుటుంబంలో ఎవరైనా డిస్ట్రిక్ట్ జీతం మీద ఉన్నారా? రాష్ట్ర సగటు కన్నా మన డిస్ట్రిక్ట్ ఒక్కో విద్యార్థి మీద ఎక్కువ ఖర్చు పెడుతోందా, తక్కువా? బడి మూయాల్సి వస్తే ఏ లెక్క చూసి నిర్ణయిస్తారు? ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే రిటైర్డ్ టీచర్లు ఉన్నారు. ఆఖరి రెండింటికీ 'పిల్లలకు ఏది మంచిదో అదే' అని ఊరుకునేవాళ్లూ ఉన్నారు. న్యూయార్క్‌లో కొత్త సభ్యులు తొలి ఏడాదిలో కనీసం ఆరు గంటలు ఆర్థిక పర్యవేక్షణ మీద శిక్షణ తీసుకోవాలని చట్టం. ఈ రెండో రకం వాళ్లు గెలిస్తే, లెక్కల పాఠం అక్కడే మొదలవుతుంది.